దర్జీగారి దూరపు రీలు

దర్జీ మెడలో టేపు లేని పూట లేదు. భోజనానికి కూర్చున్నా ఉంటుంది, కునుకు తీసినా ఉంటుంది. సెలవు రోజు పొద్దున్నే గాలపు కర్ర భుజాన వేసుకుని సముద్రపు గట్టుకి బయలుదేరినా ఉంటుంది. పట్టిన చేపని కొలవడానికేమో అనుకునేరు. పడితే కదా కొలవడానికి.

రాళ్లు పేర్చిన ఆ పొడుగాటి గట్టుకి ఒక కట్టుబాటు ఉంది. దూరంగా నీళ్లలో ఒక ఎర్ర డ్రమ్ము తేలుతుంటుంది. దాని అవతల లోతు, లోతులో చేపలు. గాలాన్ని డ్రమ్ము దాటించేవాళ్లు గట్టు కొనన నిలబడాలి. దాటించలేనివాళ్లు వెనక మెట్ల దగ్గర, పీతల బుట్టలవాళ్ల పక్కన నిలబడాలి. లేకపోతే పొట్టిగా పడిన దారం అలలకి కొట్టుకుపోయి, పక్కవాళ్ల దారాలతో జడ అల్లుకుంటుంది. ఈమధ్య ఇసుక మేట వేసి లోతు అవతలికి జరిగింది. దానితోపాటు డ్రమ్మునీ జరిపారు. అదిగో, అప్పటినుంచీ దర్జీ గాలం డ్రమ్ముకి ఇవతలే మునుగుతోంది.

పోయిన సెలవునాడు అందరి దారాలూ కలిసి ముద్దయ్యాయి. విడదీసుకోవడానికే పొద్దంతా సరిపోయింది. గట్టు మీద అందరికంటే ముందునుంచీ ఉన్న మాజీ పోస్ట్‌మాన్ గొంతు సవరించుకున్నాడు.

"టైలరుగారూ, ఏమనుకోకండి. వచ్చే సెలవుకి దాటిస్తే సరే. లేదంటే మెట్ల దగ్గరికి జరగండి."

దర్జీ తన ఎరల డబ్బాని కాళ్ల దగ్గరికి లాక్కున్నాడు. కొనన ఆయన పక్కన నిలబడేది సొంత బావమరిది, బస్సు డ్రైవరు. వారమంతా ఒకరు మిషను మీదా, ఒకరు స్టీరింగు మీదా నడుం వంచి, ఆ ఒక్కపూట పక్కపక్కన నిలబడి ఒకరినొకరు ఏడిపించుకుంటారు. మెట్ల దగ్గరికి పోతే ఆ పూట పోయినట్టే.

"బాధపడకు బావా," అన్నాడు బావమరిది. "మెట్ల దగ్గర నీడ బాగుంటుంది. నేను అప్పుడప్పుడూ వచ్చి చూసిపోతాలే."

"నీ చూపులు నాకక్కర్లేదు. తప్పంతా దారం చుట్టే ఈ పాత రీలుది. కొత్తది కొని చూపిస్తాను."

కొత్తది కొనడానికి దర్జీ ఒక్కడే పోదామనుకున్నాడు. చెప్పులు తొడుక్కునేలోపే భార్య గుమ్మంలో సంచీతో సిద్ధంగా ఉంది. కొత్త వస్తువు కొనే చోట తాను లేకపోతే ఆవిడకి ఆ రాత్రి నిద్ర పట్టదు.

దుకాణదారు అద్దాల బల్ల మీద రీళ్లు వరసగా పెట్టాడు. చిన్నది కాలవలకీ చెరువులకీ అన్నాడు. బాగా మెరిసేది పడవ మీదనుంచి పట్టేవాళ్లకన్నాడు. మూడోదాని కండె పొడుగ్గా, మూతి వెడల్పుగా ఉంది.

"ఒడ్డునుంచి దూరం విసరాలంటే ఇదండీ. మూతి వెడల్పు కాబట్టి దారం చిక్కుపడకుండా జారిపోతుంది."

దర్జీ దాన్ని చెవి దగ్గర పెట్టుకుని పిడి తిప్పాడు. కళ్లు మూసుకున్నాడు. కొత్త మిషను కొనేటప్పుడు కూడా ఆయన ఇలాగే వింటాడు.

"లోపల పళ్లచక్రాలు బాగా కుదిరాయి. కూత లేదు," అన్నాడు గంభీరంగా.

"తిప్పడం ఆపితే చేప వెనక్కి లాక్కుపోదా బాబూ?" భార్య బల్ల మీదికి వంగింది.

"వెనక్కి తిరక్కుండా లోపల పట్టు ఉంటుందమ్మా."

"మరి ఆ గోడ మీది రీళ్లకి దారం అంచుదాకా ఉందేం?"

దుకాణదారు నోరు విప్పేలోపే దర్జీ అందుకున్నాడు. "చూపుకి పెట్టినవే అవి. నిండుగా కనపడితేనే కదా ఎవరైనా కొనేది."

"దారం నేనే చుట్టి ఇస్తానండీ, ఊరికేనే," అన్నాడు దుకాణదారు.

దర్జీ అతన్ని కిందినుంచి పైకి చూశాడు. చొక్కా భుజాల దగ్గర కుట్టు వంకరగా ఉంది. ఇలాంటి చొక్కా తొడుక్కున్నవాడు తనకి దారం చుట్టిపెడతాడట.

"పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ నేను చేసే పని అదేనయ్యా," అని రీలూ దారమూ విడివిడిగా కట్టించుకున్నాడు.

ఇంటికొచ్చి కుట్టుమిషను ముందు కూర్చుని చుట్టాడు. ఎంత ఒద్దికగా చుట్టాడో చూడాలి, పోగు పక్కన పోగు, నేసినట్టే. అంచుకి ఇంకా వేలెడు ఎడం ఉండగానే కత్తెర తీసి టక్కున కత్తిరించాడు.

"ఇంకా బోలెడు చోటుంది కదండీ?" అంది భార్య.

"మిషను అడుగున పెట్టే బాబిన్ నిండా చుడితే కేసులో ఇరుక్కుంటుంది, ఇదీ అంతే. నీకు తెలియదు, ఊరుకో."



సెలవునాడు గట్టు మీదికి ఆవిడ కూడా వచ్చింది. బావమరిదికి ఇచ్చేద్దామని పాత రీలుని దారంతో సహా సంచీలో వేసుకుంది. దర్జీ కొనన నిలబడి, టేపు వీపు వైపుకి తోసుకుని, కర్రని వెనక్కి వంచి బలమంతా పెట్టి విసిరాడు. దారం చివరి సీసం గుండు రయ్యిన లేచింది, సగం దారిలో ఎవరో వెనక్కి లాగినట్టు నీరసించి, డ్రమ్ముకి ఇవతల బుడుంగుమంది. ఇంకోసారి విసిరాడు. అదే బుడుంగు.

"మోసం. ఈ రీలు దూరానిది కాదు," అన్నాడు దర్జీ.

"ఆడలేక మద్దెల ఓడన్నాట్ట వెనకటికెవడో," అన్నాడు బావమరిది. "పోయినసారి పాత మద్దెల ఓడు, ఈసారి కొత్తది కూడానా?"

పోస్ట్‌మాన్ మెట్ల వైపు చూశాడంతే. దర్జీ కర్ర చంకన పెట్టుకుని డబ్బా ఎత్తుకున్నాడు.

ఈలోగా భార్య కొననున్న ప్రతివాడి దగ్గరికీ పోయి, రీలు మీదికి వంగి, మూత తీసిన కూరగిన్నెలోకి చూసినట్టు చూసి వచ్చింది.

"ఏవండీ, ఆగండి. వీళ్లందరివీ నిండు కుండలు. మీదొక్కటే అడుగంటింది."

బావమరిది దర్జీ చంకలోని కర్ర లాక్కుని రీలు చూశాడు. నవ్వాలో వద్దో తెలియనట్టు మొహం పెట్టాడు.

"ఎవరు చుట్టారు బావా ఇది?"

దర్జీ సముద్రం వైపు చూశాడు.

"దారం ఇంత లోపలుంటే ప్రతి చుట్టూ అంచుకి ఒరుసుకుంటూ రావాలి. ఇంకేం దూరం పోతుంది? అగ్గిపుల్ల మందం ఎడం ఉంటే చాలు."

"బాబిన్ అయితే..." అని మొదలుపెట్టి దర్జీ ఆగిపోయాడు.

కత్తిరించగా మిగిలిన దారం ఇంట్లో ఉండిపోయింది, మరి ఇప్పుడెక్కడినుంచి తేవాలి? భార్య సంచీలోంచి పాత రీలు తీసింది. కొత్త దారాన్ని ఖాళీ నీళ్ల సీసాకి చుట్టారు. పాత దారం కొత్త రీలు అడుగున వేసి, కొత్తది ముడివేసి దాని మీద చుట్టారు. గట్టంతా చూస్తుండగా దర్జీ వేళ్లు మళ్లీ పోగు పక్కన పోగు పేర్చాయి. ఈసారి అంచు దగ్గర ఎక్కడ ఆపాలో బావమరిది చెప్పాడు. పోస్ట్‌మాన్ తన గాలం పక్కన పెట్టి మరీ నిలబడ్డాడు.

దర్జీ విసిరాడు. దారం చప్పుడు లేకుండా, కొత్త పట్టు జారినట్టు జారిపోయింది. గుండు డ్రమ్ము మీదుగా పోయి, బాగా అవతల పడింది.

"టైలరుగారూ, కాస్త ఎడమకి జరగండి," అన్నాడు పోస్ట్‌మాన్. "నేనూ విసురుకోవాలి."

అంతే. డబ్బా మళ్లీ కిందికి దిగింది, బావమరిది పక్కనే.

కొంతసేపటికి భార్య ఖాళీ అయిన పాత రీలుని అటూ ఇటూ తిప్పి చూసి అడిగింది. "దీనికి కూడా మీరు ఇంతే చుట్టారా?"

"చేప లాగుతున్నట్టుంది, మాట్లాడకు," అన్నాడు దర్జీ. దారం కదలనే లేదు.

మర్నాడు ఆయన మిషను దగ్గర హుషారుగా కూర్చుని, బాబిన్‌కి దారం అంచుదాకా చుట్టి కేసులో పెట్టాడు. మిషను నాలుగు కుట్లు వేసి కుయ్యిమని ఆగిపోయింది. ఎవరిదో కోటు చెయ్యి సూది కింద ఇరుక్కుపోయింది.

వంటింట్లోంచి భార్య మాట వినిపించింది. "ఏవండీ, అది సముద్రంలో వేసేది కాదు."