అంకె మారని మీటరు

ఆ రోజుల్లో నా కోపం ముక్కు మీద కూడా ఆగేది కాదు, నాలుక చివరికి వచ్చి కూర్చునేది. ఐ.టి.ఐ. పాసై, సూరత్‌లో నవాగామ్ దగ్గర మా మేనమామ నడిపే జనరేటర్ల రిపేరు దుకాణంలో చేరాను. గడువు నెల రోజులు. నెల తిరిగేసరికి మామ "పనికొస్తది" అంటే సరి, లేదంటే ఇంట్లో కూర్చుని చీరలకు రాళ్లు అతికించాలని అమ్మ షరతు. మా గల్లీలో ఆడపిల్లలందరూ చేసే పని అదే (ఇప్పటికీ రాళ్ల చీర చూస్తే నాకు మెడ నొప్పి మొదలవుతుంది). ఇంత ఆపద నెత్తిన పెట్టుకుని కూడా రోజూ మామతో పోట్లాడేదాన్ని.

పోట్లాడక ఏం చెయ్యను? ఇంజిను బ్యాటరీకి చార్జింగు ఎక్కిస్తోందో లేదో చూడటానికి మామకు ఒకటే పద్ధతి. ఇంజిను నడుస్తుండగానే బ్యాటరీ తీగ ఒకటి పీకెయ్యడం! బల్బు వెలుగుతూనే ఉంటే చార్జింగు బాగున్నట్టు. అలా పీకితే కరెంటును అదుపులో ఉంచే రెగ్యులేటరు కాలిపోతుందని ఐ.టి.ఐ.లో మా సారు నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పాడు. "ముప్పై ఏండ్ల సంది గిట్లనే చూస్తున్న. ఒక్కటన్న కాలిందా?" అనేవాడు మామ. ఒళ్లు మండిపోయేది.

నెల గడువు ఇంకో రెండు రోజులుందనగా, ఉన్ అనే పక్క బస్తీలో బండి మీద ఇడ్లీలు అమ్మే అక్క తన చిన్న జనరేటరు తెచ్చింది. "తమ్మీ, రోజూ బ్యాటరీ పడిపోతుంది. జర జల్ది చూడు, పొద్దుగూకితే లైట్లు గావాలె." మామ చెయ్యి తీగ మీదికి పోయింది. నేను ఆ చెయ్యి మీద ఒక్కటిచ్చి, కొత్త మీటరు గట్టిగా పట్టుకుని రంగంలోకి దిగాను. ఇంజిను ఆపి చూస్తే పన్నెండున్నర ఓల్టులు. నడిపి చూసినా పన్నెండున్నరే. పద్నాలుగు దాకా ఎక్కాలి కదా! "చార్జింగు కాయిల్ పోయింది, నీ పద్ధతికి ఇది దొరుకుతుందా మామా?" అని ఉపన్యాసం కూడా ఇచ్చి, ఇంజిను మొత్తం విప్పాను. కాయిల్ నిగనిగలాడుతోంది. మళ్లీ బిగించి నడిపాను. పన్నెండున్నర! కోపంతో మీటరు తీగలు లాగి పారేశాను.

"ఏంది బిడ్డా, తీగలు తీసినా గా అంకె గట్లనే ఉంది?" అంది ఇడ్లీ అక్క.

మీటరు మీద అంకెను ఆపి ఉంచే బొత్తం ఒకటుంటుంది. కోపంలో గట్టిగా పట్టుకున్న నా బొటనవేలు పొద్దున్నే దాన్ని నొక్కేసింది! బొత్తం వదిలించి, మీటరు తీగలు మళ్లీ పెట్టి చూస్తే పద్నాలుగు పైనే. చార్జింగుకు ఏ జబ్బూ లేదు, బ్యాటరీ తీగ చివర చిలుము పట్టి పట్టు వదిలేస్తోంది, అంతే. మామ ముఖం వెలిగిపోయింది. "చూడు, ఒక్క నిమిషం పని!" అంటూ నడుస్తున్న ఇంజినుకు తీగ పీకాడు. బల్బు ఒక్కసారి భగ్గుమని ఆరిపోయింది. రెగ్యులేటరు నుంచి కమురు వాసన. మామ కాసేపు గాలి పీల్చి, "అక్కా, రెగ్యులేటరు ముందే ఖరాబుంది, నువ్వు తెచ్చినప్పుడే" అన్నాడు.

నాకు తిక్క రేగింది. "అబద్ధం! గిప్పుడే మామ కాల్చిండు. పొద్దున్నుంచి ఇంజిను ఉత్తగనే విప్పింది నేను. తప్పు మా ఇద్దరిదీ, కొత్తది మేమే వేసిస్తం!" అని గల్లీ అంతా వినేలా అరిచాను. అరిచాకే గుర్తొచ్చింది, నా గడువు రెండు రోజులుందని.

ఆ రెండు రోజులూ గడిచాయి. అమ్మ వచ్చి అడిగితే మామ పళ్లు కొరుకుతూ చెప్పాడు: "దీనికి అబద్ధమాడ రాదక్కా. పనికి పెట్టుకుంట గానీ, గిరాకీలతోని మాట్లాడనియ్య."

ఇప్పుడు గిరాకీలు మామను దాటుకుని నేరుగా నా దగ్గరికే వస్తారు. నేను నెమ్మదిగా, మర్యాదగా మాట్లాడతాను. అందరూ మెచ్చుకుంటారు. కానీ ఎవరైనా ముఖం మీదే అబద్ధం చెప్పినప్పుడు నవ్వి ఊరుకుంటున్నానే, ఆ గల్లీలో అరిచిన పిల్ల ఉంటే నన్ను కూడా వదిలేది కాదు.