ఒళ్లో పెట్టుకున్న చేతులు

చేవెళ్లలో ఒక చిన్న దవాఖానకు, సొంతంగా నేర్చుకుని, నేనే వెబ్‌సైట్ చేశాను. ఏ డాక్టరు ఏ రోజు వస్తాడో పట్టికలు వేసి మరీ పెట్టాను. అయినా జనం ఫోన్ చేసి అదే అడిగేవారు. ఆ లెక్క నాకు తేలలేదు.

ఒకసారి మొయినాబాద్ బస్సులో నా ముందు సీటు అమ్మాయి, పక్కనున్న ముసలమ్మకు తన ఫోన్ ఇచ్చింది.

"అవ్వా, గిది షాబాద్ల మా దవాఖాన పేజీ. కండ్ల డాక్టర్ ఎప్పుడొస్తడో జర చూడు."

ఇచ్చి, చేతులు ఒళ్లో పెట్టుకుంది. అవ్వ తడబడింది, ఎక్కడెక్కడో నొక్కింది. ఎక్కడ నొక్కాలో అమ్మాయి చెప్పలేదు, చూపలేదు. చివరికి అవ్వ కన్ను బొమ్మ నొక్కి, "బేస్తారం," అంది. గురువారమని తనే కనుక్కుంది.

నాకు కుళ్లు పుట్టింది.

"ఎవరు చేసిన్రమ్మా?"

"నేనే అన్నా. కోడ్ ఓపెన్‌గనే పెట్టిన. కావాల్నంటే మీరు గూడ తీస్కోండ్రి, పైసలేం వద్దు."

ఆ మాట ఇంకా మండించింది. నా పేజీ తెరిచి అవ్వకిచ్చాను.

"గిండ్ల గూడ చూడవ్వా. పైన నొక్కు. అది కాదు, పక్కది."

అవ్వ ఫోన్ నా చేతిలో పెట్టేసింది. "అన్ని నువ్వే జెప్తున్నవ్. ఇగ నేనెందుకు బిడ్డా?"

అమ్మాయి నవ్వలేదు. నవ్వినా బాగుండేది.

ఆ కోడే తీసుకున్నాను. దవాఖానకు ఫోన్లు తగ్గాయి. కొత్త పేజీ ఎవరికి చూపించినా, నా చేతులు మాత్రం ఇప్పటికీ ఒళ్లో ఆగవు.