మా ముత్తాతను మోసినవాడు

మా ఊళ్లో యుద్ధ స్మారకం పెడుతున్నారు. గాయపడ్డ శత్రువును ఓ సైనికుడు భుజాన మోసుకొస్తున్న విగ్రహం. మోసింది మా ముత్తాతేనని మా వంశం ఊరందరినీ నమ్మించింది. నిజానికి ఆయన భుజం మీదివాడు. ఆస్తులు పోయాక మాకు మిగిలింది ఆ అబద్ధమే.

ఆయన ఫొటోతో నాచారంలోని విగ్రహాల షెడ్డుకు వెళ్లాను. "మోసేవాడికి ఈ ముఖం పెట్టాలి," అన్నాను.

శిల్పి ఫొటోలోని పట్టు తలపాగా, మీసం చూశాడు. "ఈయన పల్లకి దిగినట్టే లేడు. మనిషిని మోసిండంటరా సార్?"

నిటారుగానే నిలబడి అన్నాను, "సరే, మీదున్నవాడికే పెట్టు."

"మంచిది. మరి మోసినాయన పేరేంది? కింద చెక్కాలె."

"మా ముత్తాత అడగలేదు. మేమూ అడగలేదు."

"పానం కాపాడినోని పేరు అడగలేదా! ఉప్పల్‌ల ఆటో ఎక్కినా, దిగేలోపల పేరు, ఊరు అడుగుతం గద సార్!"