నేను లాయరు గారిని దొంగన్న రోజు

నా జీవితంలో నేను కోర్టు బోను ఎక్కింది ఒక్కసారే. ఆ ఒక్కసారికే ఒక లాయరు గారి పరువు పోయింది, జడ్జి గారి బల్ల ముందు గంపెడు మట్టి పడింది, హాల్లో ఉన్నవాళ్లంతా ఆరడుగుల దూరం మర్చిపోయి ఒకరి మీద ఒకరు పడి నవ్వారు. కరోనా రోజుల్లో జనాన్ని అంత దగ్గరకి చేర్చిన పాపం నాదే. చెబుతాను, నవ్వుకోండి. మరీ గట్టిగా తలచుకోకండి, ఇక్కడ నాకు పొలమారుతుంది.

మాది కడియం దగ్గర చిన్న నర్సరీ. కరోనా వచ్చిన మొదటి ఏడాది లారీలు ఆగిపోయాయి. ఎక్కడెక్కడికో వెళ్లాల్సిన మొక్కలన్నీ పెళ్లి తప్పిపోయిన విడిదింటి వాళ్లలా బిక్కమొహాలు వేసుకుని వరసల్లో నిలబడి ఉండేవి. అప్పుడొచ్చాడు ఒకాయన, స్కూటరేసుకుని, మాస్కు పెట్టుకుని. పూర్వం దొంగలు ముసుగు వేసుకుంటే అనుమానించేవాళ్లం. ఆ ఏడు ముసుగు లేకుండా వచ్చినవాడినే పోలీసులు ఆపేవారు. చూడండి, కాలం ఎవరికి కలిసొచ్చిందో!

"మంచినీళ్లు ఇప్పిస్తారా అండీ?" అన్నాడు. పాపం ఎండన పడి వచ్చాడని లోపలికి వెళ్లాను. చెంబుతో బయటికి వచ్చేసరికి మనిషి లేడు. గేటు పక్కనున్న మా కాగితంపూల మొక్క కుండీతో సహా లేదు.

అది మామూలు మొక్క అయితే నేను ఇంత కథ చెప్పను. ఒకే మొదలు మీద ఐదు రంగులు అంటుకట్టిన మొక్క అది. నేను కొత్తగా కాపురానికి వచ్చిన రోజుల్లో మా మామగారు, "అంటు కట్టడం అంటే జడ వెయ్యడం కాదమ్మా, నీ వల్ల కాదులే" అన్నారు. పట్టుదలగా కట్టాను. ఐదు కొమ్మలూ పట్టాయి. ఐదు రంగులూ ఒకేసారి విరగబూసిన రోజు మామగారు ఏమీ అనకుండా తన అంటు చాకు తెచ్చి నా చేతిలో పెట్టారు. నాకు డిగ్రీ లేదు గానీ, ఉంటే దాన్ని గోడకి తగిలించేదాన్ని. దానికి బదులు గేటు పక్కన ఆ మొక్క పెట్టుకున్నాను. పోయింది డిగ్రీ!

రెండు నెలల తర్వాత ఫోనులో ఎవరిదో పెళ్లి ఫొటో వచ్చింది. లాక్‌డౌన్ పెళ్లి, పట్టుమని పదిమంది లేరు. "పెళ్లికొడుకు బాగున్నాడు కదా!" అన్నారు మా ఆయన. నేను పెళ్లికొడుకుని చూస్తేగా! వరండా మూలన, పురోహితుడి భుజం వెనకాల, నా మొక్క!

పోలీసులు వెళ్లారు, మొక్కని పట్టుకొచ్చారు. ఆ ఇంటాయన మాత్రం, "ఇది నా సొంత మొక్కండి, చిన్నప్పటినించీ నేనే పెంచాను" అని అడ్డం తిరిగాడు. కేసు కోర్టుకెక్కింది. మొక్క పోలీస్ స్టేషన్లో కూర్చుంది. హెడ్ కానిస్టేబుల్ గంగరాజు గారు రోజూ దానికి నీళ్లు పోసేవారు.

మరుసటి ఏడాది కోర్టులు మెల్లగా తెరుచుకున్నాయి. గంగరాజు గారే ఓ పొద్దున సమన్లు తెచ్చి ఇచ్చారు.

"అమ్మా, మీరు సాక్ష్యానికి రావాలండి. ముద్దాయిని గుర్తుపడతారా మరి?"

"అదేం ప్రశ్నండీ! కళ్లు చూస్తే చాలు, లక్షమందిలో ఉన్నా చెయ్యి పట్టుకుని లాక్కొస్తాను."

అసలు సంగతి మీతో చెప్పుకోవడానికి సిగ్గేం లేదు. నాకు మనుషుల మొహాలు గుర్తుండవు. మా ఆయన మీసం తీసేసినప్పుడు, "ఎవరండీ, ఏం మొక్కలు కావాలి?" అని అడిగిన మనిషిని నేను. ఆ సంగతి మా ఆయనకి గుర్తుంది. "వరలక్ష్మీ, జాగ్రత్త" అన్నారు. నేను వింటానా? ఇంగ్లీషు సినిమాల్లో పన్నెండుమంది మామూలు మనుషుల్ని పిలిచి, కుర్చీలు వేసి, తీర్పు వాళ్లచేతే చెప్పిస్తారట. మన దగ్గర ఆ వైభోగం లేకపోయినా, నా సాక్ష్యంతోనే తీర్పు వచ్చేస్తుందని వీధంతా చాటేశాను.

వాయిదా రోజున అత్తయ్య నన్ను ముస్తాబు చేశారు. ఒక మాస్కు, దాని మీద ఇంకో మాస్కు, దాని మీద నా కళ్లజోడు, దాని మీద మొహానికి ప్లాస్టిక్ షీల్డు, చేతులకి తొడుగులు. అద్దంలో చూసుకుంటే బావిలో దిగడానికి వెళ్తున్నదానిలా ఉన్నాను.

"ఊపిరాడటం లేదు అత్తయ్యా."

"ఆడకపోతే పోనీ. కరోనా రాకూడదు అంతే. పద, నేనూ వస్తాను."

రాజమండ్రి కోర్టు గుమ్మం దగ్గర బంట్రోతు ఆపాడు. "సాక్షులకి తప్ప ప్రవేశం లేదండి. ఈ పెద్దావిడ ఎవరండీ?"

"నేను దీని అత్తగారిని నాయనా" అన్నారు అత్తయ్య. "పదకొండేళ్ల నించీ ఇది చేసే ప్రతి పనికీ నేనే సాక్షిని. తప్పుకో."

అతను తప్పుకున్నాడు. అత్తయ్య వెళ్లి వెనక బల్ల మీద దర్జాగా కూర్చున్నారు.

నన్ను బోను ఎక్కించారు. ప్రమాణం చేయించారు. జడ్జి గారు ఆడవారు. అది మాత్రం గొంతుని బట్టి తెలిసింది. ఎందుకంటే అప్పటికే నా ఊపిరి ఆవిరంతా కళ్లజోడుకి పట్టి, షీల్డుకీ పట్టి, లోకం మొత్తం ఇడ్లీ పాత్రలోంచి చూస్తున్నట్టు ఉంది. తుడుచుకుందామంటే షీల్డు అడ్డం. షీల్డు తీద్దామంటే వెనకనించి అత్తయ్య దగ్గు. ఆ దగ్గుకి అర్థం నాకు తెలుసు.

పీపీ గారు, అంటే మన తరఫున మాట్లాడే సర్కారు లాయరు గారు, అడిగారు. "అమ్మా, ఆ రోజు మీ నర్సరీకి వచ్చిన వ్యక్తి ఇప్పుడు ఈ హాల్లో ఉన్నారా?"

"ఉన్నారండి!" అన్నాను, ఇంకా ఎటూ చూడకుండానే.

"చూపించండి."

అప్పుడు చూశాను. తెల్లచొక్కాలు నాలుగు కనిపించాయి. కరోనా వల్ల లాయర్లకి నల్లకోటు అక్కర్లేదని చెప్పారన్న సంగతి నాకేం తెలుసు? నాలుగు చొక్కాలకీ నాలుగు మాస్కులు. అందులో ఒకాయన పక్కవాడి చెవిలో ఏదో గుసగుసలాడుతున్నాడు. నేను చూడగానే చటుక్కున తల దించి కాగితాలు తిరగేశాడు. దొరికాడు!

"వీడేనండి!" వేలు చాచి అరిచాను. "ఆ చూపు చూడండి, ఆ తల దించుకోవడం చూడండి! మంచినీళ్లడిగి మొక్క ఎత్తుకుపోయావు కదరా, నీకు దాహం తీరిందా?"

ఆ మనిషి మెల్లగా లేచి, మాస్కు కిందికి లాగాడు. తల ఎత్తగానే గడ్డం కింద దాక్కున్న లాయర్ల తెల్ల పట్టీ బయటపడింది.

"మేడమ్, నేను ముద్దాయి తరఫు న్యాయవాదినండి."

ఎవరో నవ్వు ఆపుకోలేక దగ్గారు. దగ్గు వినగానే పక్కవాళ్లు ఉలిక్కిపడి జరిగారు. వాళ్లు జరిగితే అవతలివాళ్లు జరిగారు. అలా జరిగి జరిగి చివర ఉన్నాయన బల్ల మీదనించి కింద పడ్డాడు. ఇక ఎవరి నవ్వూ ఆగలేదు. పీపీ గారు మాత్రం నుదుటి మీద చెయ్యి పెట్టుకుని నిలబడ్డారు.

"అమ్మా, ఆ షీల్డు తీసి సరిగ్గా చూడండి" అన్నారు జడ్జి గారు.

తీశాను. కళ్లజోడు తుడుచుకున్నాను. "ఆ పక్కన నిలబడ్డాయనేనండి" అన్నాను చిన్న గొంతుతో.

"ఇప్పుడు అక్కడ లాయరు కాకుండా మిగిలింది ఆయన ఒక్కరే కదమ్మా."

నాకు భూమిలోకి కూరుకుపోవాలనిపించింది. బోను చెక్కది కాబట్టి కుదరలేదు. నిజం చెబుతున్నాను, ఆ క్షణంలో నవ్వు రాలేదు నాకు. నా మొక్క హాలు మూలన, గంగరాజు గారి పక్కన, ఐదు రంగులతో నన్నే చూస్తోంది. నా వేలు ఒక్కటి తప్పు దారి పట్టినందుకు అది ఆ దొంగ వరండాకి తిరిగి వెళ్లిపోతుంది.

లాయరు గారు మళ్లీ లేచారు. దొంగ అనిపించుకున్న మనిషి ఎంత ఉత్సాహంగా లేస్తాడో అంత ఉత్సాహంగా లేచారు.

"ఏమ్మా, నాకు రెండు కళ్లు, ఒక ముక్కు, ఇంత పొడుగు మనిషిని. నన్నే సరిగ్గా పోల్చుకోలేదు. కడియం నిండా కాగితంపూల మొక్కలే. అందులో ఈ మొక్క మీదని ఎలా పోల్చుకున్నారు?"

"మొక్కలు మాస్కు పెట్టుకోవండి" అన్నాను.

ఎక్కడినించి వచ్చిందో ఆ మాట! జడ్జి గారి కళ్లు మాస్కు పైన నవ్వాయి. నాకు కొంచెం ప్రాణం లేచొచ్చింది.

"ఐదు రంగులు ఎవరైనా అంటు కట్టొచ్చు కదా?"

"కట్టొచ్చండి."

"మరి మీదే అనడానికి ఆధారం ఏంటి?"

ఆధారం ఉంది. ఒకే ఒక్క ఆధారం. అది చెబితే మొక్క దక్కుతుంది. కానీ వెనక బల్ల మీద అత్తయ్య ఉన్నారు. అది చెప్పాక నేను ఏ మొహం పెట్టుకుని ఇంటికి వెళ్లాలి?

"చెప్పండమ్మా" అన్నారు జడ్జి గారు. "నిజం చెబుతానని ప్రమాణం చేశారు."

కళ్లు గట్టిగా మూసుకుని అనేశాను. "కుండీ అడుగున, నీళ్లు పోయే చిల్లు మీద ఒక జాడీ పెంకు ఉంటుందండి. తెల్లటి పింగాణీ, దాని మీద నీలం పువ్వు. పెంకు బోర్లా ఉంటుంది."

జడ్జి గారు ముద్దాయి వైపు తిరిగారు. "నువ్వే పెంచానన్నావు కదా. కుండీ అడుగున ఏముంది?"

"ఏముంటుందండీ... మట్టేనండి" అన్నాడతను.

"కుండీలోంచి మొక్కని తీయొచ్చా? చచ్చిపోదు కదా?"

"కాగితంపూలకి వేరు కదిలితే అలక అండి" అన్నాను. "ఎవరూ ముట్టుకోకండి, నేనే తీస్తాను."

బోను దిగాను. చేతి తొడుగులు ఊడదీశాను. గంగరాజు గారు పేపరు పరిచి కుండీని పక్కకి వాల్చారు. చుట్టూ అరచేత్తో తట్టి, మొదలు పట్టుకుని మెల్లగా లాగాను. వేళ్లన్నీ అల్లుకున్న మట్టిముద్ద ముద్దగా బయటికొచ్చింది. అడుగున, వేళ్లు కావలించుకుని పట్టుకున్న తెల్లటి పెంకు. మట్టి తుడిచి చూపించాను. నీలం పువ్వు!

"నా జాడీ!"

ఆ కేక హాలు కప్పుకి తగిలింది. అత్తయ్య లేచి నిలబడ్డారు. "మా అమ్మ నాకు ఇచ్చిన ఊరగాయ జాడీ అది! పిల్లి పగలగొట్టిందని చెప్పావు కదే!"

"కూర్చోండమ్మా, ఇది కోర్టు" అన్నారు జడ్జి గారు.

"కోర్టు కాబట్టే అడుగుతున్నానండీ! దీని మూత ఇంకా నా దగ్గరే ఉంది, ఇదే పువ్వు దాని మీదా ఉంది. అమ్మ గుర్తుగా దాచుకున్నాను. కావాలంటే తెచ్చి చూపిస్తాను!"

లాయరు గారు మాస్కు మళ్లీ పైకి లాక్కున్నారు. పీపీ గారు నుదుటి మీది చెయ్యి తీసి, రోజంతటిలో మొదటిసారి నా వైపు ప్రేమగా చూశారు. తర్వాతి వాయిదాలో అత్తయ్య పట్టుచీర కట్టుకుని, మూతని చీరకొంగులో చుట్టి తెచ్చి, నాకన్నా గొప్పగా సాక్ష్యం చెప్పారు. పువ్వు పువ్వుకి సరిపోయింది. ముద్దాయికి శిక్ష పడింది. మొక్క మా గేటు దగ్గరకి వచ్చేసింది. స్టేషన్లో దానికి ఎంత మంచి పోషణ జరిగిందంటే, వచ్చాక వారం రోజులు గంగరాజు గారి కోసం బెంగపెట్టుకుందని నా అనుమానం.

కానీ నా సాక్ష్యం రోజుకి వద్దాం. గెలిచి ఆటో ఎక్కానే గానీ, పక్కన అత్తయ్య రాయిలా కూర్చున్నారు. ధవళేశ్వరం దాటాక నేనే మొదలుపెట్టాను.

"అత్తయ్యా, కొత్తగా వచ్చిన రోజులు. తోముతుంటే చేతిలోనే రెండు ముక్కలైంది. భయమేసి పిల్లి మీద పెట్టేశాను."

"హూఁ."

"పెంకులు పారెయ్యడానికి మనసొప్పక కుండీలో పెట్టాను."

"హూఁ."

"తిట్టండి అత్తయ్యా, తిట్టెయ్యండి."

అత్తయ్య డ్రైవరు వైపు ఓసారి చూసి, నా చెవి దగ్గరకి వంగారు. "తోముతుంటే ఊరికే ఎందుకు రెండు ముక్కలవుతుందే? నువ్వు రాకముందే నా చేతిలోనించి జారి విరిగింది. జిగురు పెట్టి అతికించి అటకెక్కించాను. పుట్టింటి జాడీ విరగ్గొట్టుకున్నానంటే మీ మామగారు ఏడిపించి చంపుతారని ఎవరికీ చెప్పలేదు. పిల్లి పగలగొట్టిందని నువ్వనగానే ఎంత హాయిగా ఊపిరి పీల్చుకున్నానో!"

"మరి కోర్టులో అంత గోల చేశారేంటి?"

"జడ్జి గారు చూస్తున్నారు కదా, బాగుండదని చేశాను" అన్నారు అత్తయ్య. "మామగారికి చెప్పకు."

ఆ రోజు ఆటోలోనే, గోదావరి కాలవ సాక్షిగా, కుడిచెయ్యి ఎత్తి మళ్లీ ఒకసారి ప్రమాణం చేశాను. ఈ జన్మలో తెల్లచొక్కా వేసుకున్న ఏ మనిషినీ వేలెత్తి చూపను. ఎవరి ఇంట్లో ఏ జాడీ పగిలినా, ముందు మా అత్తగారిని విచారించకుండా పిల్లిని అననివ్వను.