బూరయ్య ఊదని పిలుపు

మా మేడ మీద నిలబడితే ముళ్ళకంచె అవతల సైనికుల కవాతు మైదానమంతా అరచేతిలో పెట్టినట్టు కనిపిస్తుంది. అందుకే నేను బట్టలు ఆరేయడానికి వెళ్తే పూటంతా పడుతుందని మా కోడలు దెప్పుతుంది. దెప్పనీ! ఆ మేడే లేకపోతే మా బూరయ్య కథ నాకు సగమే తెలిసేది.

బూరయ్య నా ఆడపడుచు కొడుకు. చిన్నప్పుడు కిరసనాయిలు గరాటు నోట్లో పెట్టుకుని వీధంతా ఊదుకుంటూ తిరిగి, ఇంటికొచ్చి తన్నులు తినేవాడు. పెద్దయ్యాక ఆ ఊదుడే అన్నం పెట్టింది. సైన్యంలో ఇత్తడి బూర ఊదే ఉద్యోగం. నిద్ర లేవమని ఒక పిలుపు, హాజరుకి ఒకటి, భోజనానికి ఒకటి, ఇక వెళ్ళిపొమ్మని ఒకటి. బూర మోగిందంటే అధికారి ఆజ్ఞ అన్నమాటే. ఎంతటి మొనగాడైనా కదలాల్సిందే. మా వీధికీ అదే గడియారం. హాజరు పిలుపుకి పాలు పొయ్యెక్కిస్తాం, వెళ్ళిపొమ్మనే పిలుపుకి దించుతాం.

ఇక భక్తంటారా, వాడికి కొంచెం ఎక్కువే. సెలవు రోజున ప్రార్థన మందిరంలో ముందు వరుస వాడిదే. అందుకే వాడి పెళ్ళాం రొప్పుతూ వచ్చి చెప్పిన మాటకి నా చేతిలో తడి చీర జారి కింద పడింది.

"పెద్దమ్మా, ప్రార్థనకి బూర ఊదనన్నారట ఈయన!"

కొత్తగా వచ్చిన కమాండరు పెట్టిన నియమం అది. రోజూ హాజరు కాగానే ప్రార్థన పిలుపు ఊదాలి, దళమంతా మందిరంలోకి నడవాలి. వెళ్ళనివాడికి సెలవులు బంద్. రేపు పొద్దున ఊదితే సరి, లేదంటే బూర లాక్కుని సామాన్ల గదికి తోలేస్తామన్నారట.

సాయంత్రం వాడు మా ఇంటి ముందు నుంచి పోతుంటే రెక్క పట్టుకుని లోపలికి లాగాను.

"ఏరా, దేవుడి పనికి ఊదనంటే కళ్ళు పోవూ?"

"దేవుడు నన్నెప్పుడైనా బూర అడిగాడా అత్తా? మందిరానికి నా కాళ్ళతో నేనే పోతున్నా. ఎవరూ ఊది తోలలేదు."

"నువ్వెలాగూ పోయేవాడివే కదా! ఊదేస్తే నీ సొమ్మేం పోయింది?"

"నేను ఊదితే అది సర్కారు హుకుం అత్తా. మా వంటవాడి దేవుడు వేరు. లారీ మెకానిక్కుకి అసలు దేవుడే లేడు. ఇష్టం లేకపోయినా వాళ్ళ చేత దండం పెట్టించే బలం నా బూరకుంది. నా భయం అదే."

"మరి లాక్కుంటే?"

వాడు బూర మూతిని చొక్కా కొసతో తుడిచాడు. "మీ ఇంట్లో గరాటుందిగా!" అని నవ్వాడు.

తెల్లారేసరికి వీధిలో ఆడవాళ్ళంతా మా మేడ మీదే. హాజరు పిలుపు ఖంగుమంది. దళమంతా బిగుసుకుని నిలబడింది. కమాండరు చెయ్యెత్తాడు. బూరయ్య బూర పెదాలకి ఆనించాడు. వాడి పెళ్ళాం నా జబ్బలో గోళ్ళు దించింది.

ఊదాడమ్మా! ప్రార్థనకి కాదు, వెళ్ళిపొమ్మని!

అలవాటు పడ్డ కాళ్ళు ఆగుతాయా? దళం దళమంతా చెదిరిపోయింది. కొందరు మందిరానికి, కొందరు టీ నీళ్ళకి, మెకానిక్కు తన లారీ కిందకి. మేడ మీద మేము వేసిన ఈలలకి కాకులు లేచిపోయాయి. బూరయ్య నింపాదిగా వెళ్ళి బూర కమాండరు చేతిలో పెట్టి, సెల్యూట్ కొట్టి, మందిరంలోకి నడిచాడు.

ఆ పూటే వాడిని సామాన్ల గదిలో దుప్పట్లు మడతపెట్టే పనిలో వేశారు. బూర ఇంకొకడికిచ్చారు. వాడు ఊదితే పాలు మరవని దూడ అరిచినట్టుండేది. ఏ కూత దేనికో తెలియక భోజనానికి పిలిస్తే తుపాకులు తెచ్చేవాళ్ళు. మా వీధిలో రోజూ పాలు పొంగడమే!

ఇలా ఉండగా పై అధికారి తనిఖీకి వచ్చాడు. ఆ దూడ అరుపు విని చెవులు మూసుకుని, "అసలు బూరవాడేడీ?" అన్నాడు. దుప్పటి నూగుతోనే వచ్చి నిలబడ్డాడు మావాడు. ఏమన్నాడో వంటవాడు చెప్పాడు నాకు: "అయ్యా, యుద్ధానికి ఊదమంటే ఊదుతాను. భక్తికి ఊదలేను. అది నాది."

పై అధికారి కమాండరు వైపు తిరిగాడు. "సర్కారు బూర సర్కారు పనికే. ప్రార్థన ఎవరి ఇష్టం వాళ్ళది. ఇచ్చెయ్."

మర్నాడు హాజరు పిలుపు ఖంగుమనగానే వీధి వీధంతా గుమ్మాల్లోకి వచ్చేసింది. చాలాకాలానికి నా పాలు పొంగలేదు.

ఆ సెలవు రోజు నేనూ మందిరానికి వెళ్ళాను, ఏం జరుగుతుందో చూడకపోతే నాకు నిద్ర పడుతుందా! ముందు వరుసలో బూరయ్య. ప్రార్థన సగమయ్యాక కమాండరు చప్పుడు కాకుండా వచ్చి వెనక వరుసలో కూర్చున్నాడు. బయటికొచ్చాక నేను ఊరుకోలేకపోయాను.

"ఆలస్యమైందేం బాబూ?"

ఆయన బూరయ్య వైపు చూసి మీసాల్లో నవ్వుకున్నాడు.

"బూర మోగలేదు కదమ్మా, వేళ తెలియలేదు."