అరచేతిలో ఉలవలు

మా ఉస్తాదు పోయారు. రాయచోటిలో మా అక్క ఇంట్లో ఉండగా ఆయన కోడలు ఫోన్ చేసింది. "మామ నిద్రలోనే పోయినాడక్కా, రెండు దినాలాయ. అప్పట్నుంచి గుర్రం ఏమీ ముట్టల్యా. ఒక తూరి రాక్కా" అంది.

కోడుమూరులో పెళ్లి ఊరేగింపులకు గుర్రాన్ని తోలుకుపోయే మనిషి ఆయన. నేను బడిపంతులమ్మని. నలభై దాటాక గుర్రమెక్కడం నేర్పమంటే ఊరంతా నవ్వింది. ఆయన మాత్రం, "నీ వయసుతో గుర్రానికేం పని పాపా?" అన్నారు.

ఆయనదొక పద్ధతి. నానబెట్టిన ఉలవలు అరచేతిలో పెట్టి అందించాలి. గుర్రం తింటేనే ఎక్కాలి, లేదంటే ఆ రోజుకు ఇంటిదారే. ఒకసారి మా హెడ్మాస్టరుతో పోట్లాడి వెళ్తే అది మూతి తిప్పేసుకుంది. నాకు ఒళ్లు మండింది.

"కోపం వస్తాది, రానీ. వాకిట్లో కూచోబెట్టి రా. దాన్ని గూడా గుర్రమెక్కిస్తే ఎట్ల?" అన్నారు ఉస్తాదు.

"మరి భయమో?"

"అది ఉండనీలే. ఒళ్లు దగ్గర పెట్టుకుంటావు."

నేను వెళ్లగానే ఆయన అడిగే మాట ఒకటే, "ఈ పొద్దు ఏం సంతోషం తెచ్చినావు?" ఏదో ఒకటి చెప్పి తీరాలి. మొదట్లో విసుగొచ్చేది. ఆ తర్వాత సాయంత్రం చెప్పడానికని బడిలో పొద్దంతా వెతుక్కునేదాన్ని. నత్తి పిల్ల పద్యం అప్పజెప్పడమో, కందిచేలో తొలిపూత కనబడటమో. వెతికితే దొరకని రోజు లేదు. నాకు ఇంతకంటే ఎవరూ ఏమీ నేర్పలేదు.

బస్సు దిగి నేరుగా కొట్టంలోకి వెళ్లాను. కోడలు ఉలవల గిన్నె అందించింది. ఏడుస్తూనే చెయ్యి చాచాను. గుర్రం మొహం తిప్పుకుంది.

"చూస్తివా అక్కా, నిన్నా ఇంతే" అంది కోడలు.

గుర్రం మెడ మీద చెయ్యి వేసి నిలబడ్డాను. ఏం సంతోషం తెచ్చావని అడిగే మనిషి లేడు. నేనే గుర్రానికి చెప్పడం మొదలుపెట్టాను. మొదటి రోజు నేను జొన్నచొప్ప మీద దబ్బున పడితే, ఉస్తాదు పరుగున వచ్చి గుర్రం కాళ్లు తడిమి, "నీకేం కాల్యా గదా తల్లీ?" అని దాన్ని అడిగారు. ఆ తర్వాతే నా వైపు తిరిగి, "నువ్వు మొదట నవ్వు పాపా. ఏడుపు ఇంటికి పోయి ఏడుద్దువులే" అన్నారు.

ఆ మాట చెబుతుంటే నాకు నిజంగానే నవ్వొచ్చింది. కోడలు కూడా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. మళ్లీ గుప్పెడు ఉలవలు తీసి చెయ్యి చాచాను. గుర్రం ఒకసారి గట్టిగా ఊపిరి వదిలింది. వెచ్చటి పెదవులు అరచేతిని తడుముతూ ఒక్కో గింజే ఏరుకున్నాయి.