మిగిలిన మూలలో మెట్లు

మొన్న పొద్దున మా పెద్దమ్మ పోయింది. సోలాపూర్ నీలం నగర్‌లో, మేడ మీది గదిలో, నిద్రలోనే పోయింది. "మీ పెద్దమ్మ ఇగ లేదు బిడ్డా" అని పెద్దనాన్న ఫోన్‌లో అన్నప్పుడు నాకు ఏడుపు కన్నా ముందు కోపం వచ్చింది. ఎవరి మీదో చెప్పలేను. ఇంకొన్నాళ్లు ఆగితే తన కాళ్లతో తానే కిందికి దిగేది కదా!

ఆ ఇంటి సంగతి మీకు చెప్పాలి. మా నేతవాళ్లు ఇల్లు కట్టేటప్పుడు ముందు సాంచాలను కొలుస్తారు. మరమగ్గాలను మేం సాంచాలంటాం. కింద వాటికి జాగా, వాటి చుట్టూ మనిషి తిరగడానికి జాగా, నూలు మూటలకు జాగా. అన్నీ అయ్యాక ఏ మూల మిగిలితే ఆ మూలలో మెట్లు. పాదం సగమే ఆనుతుంది, ఎత్తేమో మోకాలి దాకా. పైగా ఆ ఇంట్లో అలా కట్టమన్నది పెద్దమ్మే. ఒక సాంచా తగ్గించుకుంటే మెట్లు సాఫుగా వస్తాయని మేస్త్రి చెప్పినా వినలేదట.

"సాంచాలు మీదికి ఎక్కుతయా? మనమే ఎక్కాలె" అందట. ఆ మాట ఎన్నేళ్లయినా గొప్పగా చెప్పుకునేది.

ఎక్కింది కూడా. నీళ్ల బిందెతో ఎక్కింది, నన్ను చంకనేసుకుని ఎక్కింది. పైన గడప దగ్గర ఒళ్లో చాట పెట్టుకుని పొద్దంతా బీడీలు చుట్టేది. కింద సాంచా చప్పుడు ఆగితే చాలు, "ఏమయ్యా, పోగు తెగిందా, నిద్రొచ్చిందా?" అని అక్కడి నుంచే పెద్దనాన్నను గద్దించేది. నేను వాళ్లింటికి తినకుండా వెళ్తే తిట్టేది, తిని వెళ్తే ఇంకా తిట్టేది.

కూర్చుని కూర్చుని మోకాళ్లు పట్టేశాయి. ముందు బజారు మానేసింది, తర్వాత అశోక్ చౌక్‌లో చుట్టాల పెళ్లిళ్లు మానేసింది, చివరికి దిగడమే మానేసింది. "మీది అర్రల పెట్టి మర్సిన సామాను లెక్క అయిన బిడ్డా" అనేది.

ఈమధ్య గిరాకీ లేక పెద్దనాన్న సాంచాలను తుక్కు కింద అమ్మేశాడు. అందరం దిగులుపడ్డాం. ఆమె మాత్రం కళ్లు తుడుచుకుని, "ఇప్పుడన్న గా జాగల నాకు మంచి జినా కట్టియ్యి" అంది. మెట్లదారిని అక్కడ జినా అంటారు.

మేస్త్రి పైకి వచ్చాడు. టేపు తీయకముందే ఆమె ముందు ఇటుకలు పేర్చి, కాలు పెట్టి చూడమన్నాడు.

"ఇంత ఎక్కుతవా అవ్వా?"

"ఎక్కుత గని ఏడుస్తనయ్యా. ఇంక తగ్గియ్యి."

ఇటుక తీసి సన్నటి పలక పెట్టాడు. ఆమె కాలు పెట్టింది, తీసింది, మళ్లీ పెట్టింది. ఎన్నాళ్లకో నవ్వింది.

ఎత్తు తగ్గితే మెట్ల సంఖ్య పెరుగుతుంది, జాగా ఎక్కువ పడుతుంది. ఇప్పుడు జాగాకు కొదవేముంది? సాంచాలు తీసేసిన నేల మీద, పక్క గోడ మీద, మేస్త్రి మెట్టు మెట్టుకూ సుద్దగీత గీశాడు. నడుమ ఆగి ఊపిరి తీసుకోవడానికి చిన్న చప్టా కూడా గీశాడు. నేను పైకి వెళ్లి చెప్తుంటే ఆమె మురిసిపోయింది.

"ముందుగాల వాకిట్ల కూసుంట. వచ్చినోళ్లతోని, పోయినోళ్లతోని కొట్లాడుత!"

ఇసుక వచ్చింది, సిమెంటు వచ్చింది. ఆమె లేదు. సుఖంగా పోయిందని అందరూ ఓదారుస్తున్నారు. ఏం సుఖమో నాకు అర్థం కావడం లేదు. మనిషి ఉన్నన్నాళ్లూ జాగా లేదు, జాగా వచ్చేసరికి మనిషే లేదు. ఇందులో ఓదార్పు ఎక్కడుందో మీకెవరికైనా తెలిస్తే చెప్పండి.

ఆ పాత మెట్ల మలుపులో పాడె తిరగలేదు. చివరికి ఆమెను చద్దరులో పడుకోబెట్టి, కొసలు పట్టుకుని, గోడకు అతుక్కుంటూ దించాం. మలుపు దగ్గర ఆమె కాళ్లు గోడకు ఒరుసుకున్నాయి. కింద నిలబడ్డ పెద్దనాన్న ఒక్కసారిగా అరిచాడు.

"మెల్లగ దించుండ్రి! ఆమెకు మోకాళ్లు నొస్తయ్!"

ఎవరమూ అడుగు వేయలేకపోయాం. ఆమెను అలాగే పట్టుకుని, ఆ మెట్ల మీద నిలబడిపోయాం.